జిహ్వకో రుచియేనా?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి యను సామెత నేడు మన తెలుగువారిలో సామెతగా గాక సిద్ధాంతముగ చెల్లుబాటగుచున్నది. తినెడు తిండిని గూర్చి గాని, కొనెడు వస్తువును గూర్చి గాని యెవరైన నొక ప్రశ్న వేయగానే, ఎవరి సొమ్ము వారిది, ఎవరి నాలుక వారిది, నడుమ నీకేమి పనియను సమాధానము సిద్ధముగ నుండును. చదువుకొన్నవారు ఈ మాటకే మెరుగుపెట్టి, ఇది వ్యక్తిస్వాతంత్ర్యమనియు, కొనువాని యిచ్ఛయే విపణికి ప్రభువనియు, కష్టార్జితమును తన యిష్టానుసారము వ్యయించుకొనువానిని సంజాయిషీ అడుగుట అనాగరికమనియు వాదింతురు. ఈ వాదము వినుటకు ఉదారముగ నున్నది. దీనిని ఖండింప బూనినవాడు సంకుచితుడుగ కనబడు ప్రమాదమును కలదు. అయినను ఇది అసత్యమని నా దృఢవిశ్వాసము. రుచి వ్యక్తికి సొంతమనుట అసత్యము. దాని ఫలము వ్యక్తితో ముగియుననుట అంతకంటె గొప్ప అసత్యము.

మొదట నొక విషయమున ప్రతిపక్షమువారి ప్రక్కన నిలువవలసియున్నది. ఈ దేశమున తిండి బహుకాలము కులమునకు కొలబద్దగ నుండెను. ఎవడేమి తినునో విచారించి వానిని పంక్తినుండి వెలివేయుట, అద్దెయిల్లు నిరాకరించుట, మాంసము తినువారిని తక్కువచూపు చూచుట నేటికిని ముగియలేదు. అట్టి విచారణకు ఎదురునిలిచి నా తిండి నా యిష్టమని పలికినవానికి నేను చేతులెత్తి నమస్కరింతును. పొరుగువాని కంచములోనికి తొంగిచూచు హక్కు ఎవరికిని లేదు. కాని పొరుగువాడు నన్ను ప్రశ్నింపరాదనుట వేరు, నన్ను నేను ప్రశ్నించుకొన నక్కరలేదనుట వేరు. మొదటిది స్వాతంత్ర్యము. రెండవది చేతికి వచ్చిన స్వాతంత్ర్యమును వినియోగింపక మూలబెట్టుట. ఈ రెంటిని ఒకే మాటతో కప్పిపుచ్చుటవలననే పై వాదమునకు ఇంత బలము చేకూరినది.

ఇక రుచి సొంతమను మాటను పరీక్షింతము. తెల్లని సన్నబియ్యపు టన్నముకంటె తెలుగువానికి సహజమైన భోజనము లేదని అందరును నమ్మియున్నారు. అన్నమనగా వరియన్నమే యని పిల్లలకు సహితము తోచును. కాని యీ సహజత్వము ఏనాటిది? రాయలసీమలో రాగిసంగటి, కొర్రన్నము, ఆరికన్నము. తెలంగాణమున జొన్నరొట్టె, గటక, అంబలి. ఉత్తరాంధ్రమున చోడి అంబలి, గంటెల కూడు: ఇవి మెట్టప్రాంతముల మన పూర్వులలో అధికసంఖ్యాకులకు నిత్యాహారములు. వరియన్నము మాగాణి గలవానికి నిత్యము, తక్కినవారికి పండుగనాటి భోజనము. జొన్నకూటి నీసడించుట మాత్రము క్రొత్త కాదు. పలనాటిని గూర్చి శ్రీనాథుని పేర ప్రచారమున నున్న చాటువులే అందుకు సాక్ష్యము. రాజాస్థానముల భోజనము మరగిన కవికిని, మెట్టచేను నమ్ముకొన్న రైతునకును గల అంతరము ఆ చాటువులలో వినోదమైనది. ఆ వినోదమును మనము తరతరములుగ వల్లించుకొనుచున్నాము. అయితే ఒక కవి యీసడింపు ఒక జాతి యలవాటుగ మారుటకు నీరు, విత్తనము, యంత్రము, ధర యనునవి నాలుగును కలసిరావలసియుండెను.

అవి యొకదాని వెనుక నొకటి వచ్చినవి. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున ఆనకట్ట పనికి పూనుకొని 1852 నాటికి పూర్తి గావించుటతో, క్షామమున నలిగిన గోదావరి డెల్టా ధాన్యాగారమైనది. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరునకు నెహ్రూ శంకుస్థాపన చేసెను; 1967లో కాలువలకు నీరు వదలిన పిమ్మట, జొన్నకు పేరుపడిన ఆ పలనాటనే వరిమళ్ళు వెలసినవి. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము ఇయ్య నారంభించినది. 1986లో బాపట్ల పరిశోధనస్థానమునుండి బి.పి.టి. 5204 అను సాంబ మసూరి వెలువడి, సన్నబియ్యమును సామాన్యగృహస్థుని కోరికగ మార్చినది. 2018 జనవరినుండి తెలంగాణమున వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు లభించుటతో బోరునీటి క్రిందను వరి విస్తరించినది. 2025 ఉగాదినాడు ఆ రాష్ట్రప్రభుత్వమే చౌకధరల దుకాణములలో దొడ్డుబియ్యమునకు మారు సన్నబియ్యము పంచుటకు ఉపక్రమించినది.

వీనిలో దేనిని నేను నిందించుట లేదు. ఆనకట్ట ప్రాణములను కాపాడినది. రెండు రూపాయల బియ్యము ఎన్ని గుడిసెలలో పొయ్యి వెలిగించెనో ఆనాటి పేదరికమును కన్నులార చూచినవారు చెప్పగలరు. దొడ్డుబియ్యము తినుచు సన్నబియ్యమును పండుగకు దాచుకొన్న కూలివాని యింట నేడు సన్నబియ్యము ఉడుకుట న్యాయమే. నా ప్రశ్న వేరు. కాలువ త్రవ్వించినవాడు, విత్తనము పుట్టించినవాడు, మర నెలకొల్పినవాడు, ధర నిర్ణయించినవాడు కలసి వడ్డించిన దానిని నోట నుంచుకొని, ఇది నా జిహ్వ స్వతంత్రముగ నెన్నుకొన్న రుచి యని నేను చెప్పుట యెట్లు చెల్లును? ఎనుబది సంవత్సరముల క్రింద ఇదే నాలుక మరియొక ధాన్యమును ఇంతే సహజముగ కోరియుండెడిది. అందువలన రుచిని ప్రమాణముగ గొని వాదమును ముగింప జూచువారు, ప్రజలందరి ధనముతో నిర్మింపబడిన దానిని సొంత యాస్తిగ ప్రకటించుకొనుచున్నారు.

రుచి యిట్టి దగుచో, దాని ఫలమెట్టిది? ఇందుకు మన సర్కారు జిల్లాల చరిత్రకంటె గొప్ప సాక్ష్యము నాకు కనబడదు. గత శతాబ్ది పూర్వార్ధమున బెరిబెరి యను వ్యాధి మద్రాసు రాజధానిలో ప్రధానముగ మన ఉత్తర సర్కారుల తీరమున పాదుకొనియుండెను. కాళ్ళు తిమ్మిరెక్కుట, ఒడలు వాచుట, గుండె నీరసించి మరణించుట దాని లక్షణములు. అరవదేశమున అరుదైన యీ వ్యాధి, ధాన్యసంపదకు పేరుగాంచిన తెలుగుతీరమున ఏల ప్రబలెను? అరవవారు వడ్లను నానబెట్టి ఉడికించి, ఎండబెట్టి, ఆ పిమ్మట పొట్టు తీసిన ఉప్పుడుబియ్యము తినెడివారు. ఉడికించునపుడు పైపొరలలోని బి1 జీవసత్వము గింజలోనికి ఇంకి నిలుచును. మనవారు పచ్చిబియ్యమునే కోరి, దానిని మరలో తెల్లగ పాలిషు పట్టించిరి. జీవసత్వము తవుడుతో పోయెను. ఇంటింట రోకటిపోటు వేసిన దంపుడుబియ్యమున ఆ పొర కొంత నిలిచియుండెడిది. మర వచ్చి తెలుపు పెంచెను, తెలుపు గౌరవమాయెను, ఆ గౌరవమే వ్యాధియై పరిణమించెను. ఈ వ్యాధిని విచారించుటకే 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరున నొక చిన్న పరిశోధనశాల నెలకొల్పెను. అదియే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థగ మన కన్నుల ముందున్నది. జిహ్వకో రుచి యని తీర్మానించువారు ఆ ద్వారము ముందుగ పోవునపుడు ఒక్కమారు నిలిచి చూడవలెనని నా మనవి. ఒక జాతి యొక్క తెల్లదనపు మోజు ఎంత దూరము పోగలదో ఆ సంస్థ పుట్టుకయే చెప్పుచున్నది.

ఇట చిరుధాన్యముల భక్తులు తొందరపడరాదు. ఆ సంస్థలోనే సి.గోపాలన్ ప్రభృతులు దక్కనులో జొన్నయే ప్రధానాహారముగ బ్రదుకు పేదలలో పెలగ్రా యను పోషకలోపవ్యాధిని పరిశీలించిరి. పప్పు, కూర, పాలు కొనలేక ఒక్క జొన్నతోనే కడుపు నింపుకొన్నవారికి అది సోకెను. కావున జొన్న అమృతమనియు, బియ్యము విషమనియు చెప్పుట నా మతము కాదు. ఏ ధాన్యమైనను తానొక్కటియే కంచమంతయు ఆక్రమించుకొన్నపుడు కీడు మూడును. తెలుపునకు మోజుపడినను, పేదరికమున వేరు దారి లేకపోయినను ఫలము శరీరము మీదనే పడును. కాని మోజుపడినవానికి ఎన్నిక కలదు, పేదవానికి లేదు. నా వాదమంతయు ఎన్నిక గలవారితోనే.

శరీరము తనది గనుక దాని కీడును తనదే యని మొండివాడు తప్పించుకొనవచ్చును. అతడు పొలమునుండి మాత్రము తప్పించుకొనజాలడు. 2025-26 సంవత్సరమునకు కేంద్రప్రభుత్వము ప్రకటించిన మద్దతుధరలు చూడుడు: సాధారణరకపు వడ్లకు క్వింటాలు 2,369 రూపాయలు, సంకరజొన్నకు 3,699, రాగులకు 4,886. కాగితము మీద రాగి వరికంటె రెండింతలు విలువైనది. అయినను బోరు గల రైతు వరియే వేయును. ఏలన, వడ్లను కొనుటకు కేంద్రము తెరచి, కాటా పెట్టి, గోనెసంచులు పంపువారున్నారు. జొన్నను కొనువాడు వచ్చునో రాడో నమ్మకము లేదు. కోతకు యంత్రము వరికి కలదు. పిట్టలబెడద జొన్నకు కలదు. ఊరంతయు జొన్న వేసినపుడు పిట్టలు పంచుకొని తినును, ఒక్కడే వేసినచో ఆ యొక్క చేనే ఊడ్చుకొనిపోవును. పంట మానినవాడు సోమరియై మానలేదు. కొనువాడు లేక, తోడు లేక మానినాడు. కొనువాడెవడు? నీవును నేనును. ప్రభుత్వమా, అది మన ఓటును చూచి, మన వంటిల్లును చూచి ధాన్యమును సేకరించును. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము బియ్యము మూడు రూపాయలకు, గోధుమ రెండింటికి, ముతకధాన్యము ఒక రూపాయికి ఇయ్యవలెనని వ్రాసినది. రూపాయికి ముతకధాన్యము హక్కుగ పుచ్చుకొన్న తెలుగు కుటుంబములు ఎన్ని? చట్టమున నున్నను అడుగువారు లేకపోయినందున అది మన దుకాణముల త్రాసునకు అరుదుగనే యెక్కినది. కిలో బియ్యము పండుటకు వేల లీటర్ల నీరు కావలెను. ఆ నీరు బోరుబావి లోతునుండి వచ్చునపుడు, నేడు నా కంచమున చేరిన తెలుపునకు మూల్యము రేపటి రైతుబిడ్డ చెల్లించును. ఇది నా సొమ్ము, నా యిష్టము అను లెక్కలో ఆ బిడ్డ పద్దు ఎచ్చట వ్రాయబడినది?

పద్దు మాట వచ్చినది గనుక సొంతమాట యొకటి చెప్పెదను. నెలాఖరున ఇంటిఖర్చు వ్రాసికొని చదువుకొనుట మా తండ్రిగారినుండి నాకబ్బిన యలవాటు. వారి పుస్తకములు కొన్ని నాయొద్ద నున్నవి. వానిలో బియ్యము, కందిపప్పు, చింతపండు, ఎండుమిరప, నువ్వులనూనె, బెల్లము, ధనియాలు అని వరుసగ నుండును. అవి యన్నియు చేను పేర్లు, చెట్టు పేర్లు. ఏది ఏ ఊరినుండి వచ్చెనో ప్రక్కనే చిన్నయక్షరములతో వ్రాయుట వారికి వాడుక. నా పుస్తకమున సగము పంక్తులు కంపెనీల పేర్లైనవి. ఆ పొట్లములలో నే పంట యున్నదో చదువుటకు భూతద్దము కావలెను. చదివినను గోధుమపిండి, పామాయిలు, చక్కెర, ఉప్పు అను నాలుగు వస్తువులే రూపములు మార్చుకొని మరల మరల ఎదురగుచున్నవి. దేశమున వాడు వంటనూనెలో సగమునకు పైగ దిగుమతి. అందు పెద్దభాగము ఇండోనేషియా, మలేషియాల పామాయిలు. అనంతపురపు వేరుసెనగయు, తెలంగాణపు నువ్వులును మన యింటి వాకిట నుండగా సముద్రము దాటివచ్చిన నూనె యీ పొట్లముల రూపమున వంటింట చేరినది. దీనిని నేను ఎన్నుకొంటినా? పిల్లవాడు ఫోనున వ్రేలు తాకించిన పది నిమిషములలో గుమ్మమున పొట్లము దిగుచున్నది. ఎన్నికకు విచారణ కావలెను, విచారణకు వ్యవధి కావలెను. ఆ వ్యవధిని తీసివేయుటయే నేటి వ్యాపారమునకు ప్రధానలక్ష్యమైనది. కోరిక పుట్టుటకును తీరుటకును నడుమ ఆలోచనకు చోటు లేకుండ చేసి, దానికి స్వేచ్ఛ యని పేరుపెట్టుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

ఇది నా యింటి సంగతి మాత్రమే కాదు. 2022-23లో జరిగిన కుటుంబవ్యయ సర్వే ప్రకారము, దేశమున గ్రామీణ కుటుంబము తన వ్యయమున నూటికి 4.9 వంతులు ధాన్యములకును, 9.6 వంతులు పానీయములు, ఉపాహారములు, తయారుచేసి యమ్ము తినుబండారములకును వెచ్చించినది; పట్టణమున ఇవి 3.6, 10.6 వంతులు. 1999-2000లో గ్రామీణుడు ధాన్యమునకే నూటికి ఇరువదిరెండు వంతులు పెట్టెను. ధాన్యమునకు ఖర్చు తగ్గుట కొంత మేలే. రేషను బియ్యము అందుటవలనను, ఆదాయము పెరుగుటవలనను అది జరిగినది. కాని మిగిలిన సొమ్ము పాలకు, పండ్లకు, గ్రుడ్లకు పోయినంతతో ఆగక, రంగుకాగితపు పొట్లములలోనికి ఇంతగ ప్రవహించుట కూలివాని జిహ్వచాపల్యమున పుట్టినదని నేను నమ్మను. అయిదు రూపాయల పొట్లమును ఊరూర బడ్డీకొట్టున వ్రేలాడదీసినవాడు, కూలికి పోవు తల్లికి వంట కవకాశము లేదని యెరిగియే వ్రేలాడదీసెను.

నా సొమ్ము నా యిష్టమను వాదమునకు ఇటీవల నొక క్రొత్తముఖము వచ్చినది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగ ప్రకటించిన పిమ్మట కొర్ర, సామ, ఊద, ఆరిక, అండుకొర్రలు నగరపు దుకాణములలో అద్దాలబీరువాల కెక్కినవి. నిన్నటివరకు బీదవాని కూడనిపించుకొన్నది నేడు ధనవంతుని పథ్యమైనది. కొన్నవారు తాము విచక్షణతో వ్యయించుచున్నామని సంతృప్తిపడుచున్నారు. మరలో తవుడు తీసిన బియ్యమును కొని, ఆ తవుడునుండి తీసిన నూనెను గుండెకు మంచిదని వేరుగ కొని, తవుడుతో పోయిన బి జీవసత్వములను మాత్రలుగ మరల కొనుట విచక్షణ యెట్లగును? దంపుడుబియ్యము నొక్కదానిని కొనియుండిన ఈ మూడు కొనుగోళ్ళలో రెండు తప్పియుండెడివి. మెట్టరైతు ధాన్యమును పాలిషు పట్టి, పీచు పోగొట్టి, బిస్కత్తుగ మార్చి, చక్కెర కలిపి, చిరుధాన్యమను పేరుతో అధికధరకు అమ్మువానిని ఆదరించుట రైతును ఆదరించుట కాదు. వెల పెరిగినంతమాత్రమున గుణము పెరుగదు; వెల పెట్టినంతమాత్రమున కొనువాని బాధ్యత తీరదు.

కొనుగోలు తగ్గిన పరిశ్రమలు మూతబడును, కూలి పోవును అని అర్థశాస్త్రము చదివినవారు బెదరింతురు. నేను వ్యయము మానుమనలేదు. రైతుబజారులు 1999లో వెలసినప్పటినుండి నగరమున నుండియు పండించినవాని చేతికే రూపాయి నిచ్చు వీలు మనకున్నది. గానుగవానికి, దంపుడుబియ్యపు కొట్టునకు, ఊరి కుమ్మరికి ఇచ్చిన రూపాయియు వ్యయమే, అదియు నొకరికి కూలియే. పైగ అది మన జిల్లాలోనే చేతులు మారును. ఇక పేదలకు ఈ ధర్మపన్నము లేలయని కోపించువారితో నాకు తగవు లేదు. ఈ వ్యాసము వారిని గూర్చి కాదని పైననే చెప్పితిని.

మిగిలిన ఆక్షేపణ యొక్కటే, అదియే అన్నింటికంటె తరచుగ వినబడునది: నేనొక్కడను మారినంత లోకము మారునా? ఈ ప్రశ్న అడుగువాడు తన తిండి తన సొంతవిషయమను మొదటి మాటను తానే విడిచిపెట్టినాడని గమనింపవలెను. లోకముతో సంబంధము లేనిచో లోకము మారునా యను సందేహమే రాదు. దీనికి సమాధానము జహీరాబాదు ప్రాంతమున దొరకును. రెండు రూపాయల బియ్యము వచ్చిన 1983లోనే అక్కడ పస్తాపూరు కేంద్రముగ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యేర్పడినది. దాని సంఘములలోని స్త్రీలలో అధికులు దళితులు, కొద్దిపాటి భూములవారు. నీరు, ఎరువు అడుగక మంచు తేమతో, నేల సత్తువతో పండు పంటలను వారు సత్యం పంటలని పిలుచుకొనిరి. చౌకబియ్యము వచ్చిన పిమ్మట జొన్న వేయుట మాని పడావు పడిన భూములను 1990ల నడుమ వారు మరల సాగులోనికి తెచ్చిరి. దున్నుటకు అప్పిచ్చి, ఆ యప్పును రొక్కముగ గాక జొన్నలుగ తిరిగి పుచ్చుకొని, ఊరిలోనే నిల్వచేసి, కొరతనెలలలో పేదయిండ్లకు తక్కువ ధరకు ఇచ్చిరి. ఎవరు పేదలో తేల్చుటకు ఆఫీసు కాగితము నడుగలేదు. ఊరివారందరిని పిలిచి, నేలమీద ఇంటింటికి గుర్తు పెట్టి, ఎవరి యింట తిండి ఎన్నినెలలు చాలునో, ఎవరికి ఎంత జొన్న కావలెనో అందరి యెదుట నడిగి నిర్ణయించిరి. ఎవరి తిండి వారిదని ఆ స్త్రీలు లేచిపోయియుండిన, ఆ పడావుభూములు నేటికిని పడావుగనే యుండెడివి.